అటువైపు ఎవరూ లేరు

ఫిబ్రవరి 3

కోడలు పిల్లకి,

ఫోన్లో మనిద్దరం రెండో నిమిషానికే పోట్లాటకి దిగుతాం కాబట్టి ఇకమీదట ఉత్తరాలే రాసుకుందామని కిందటేడాది ఒప్పందం పెట్టింది నువ్వు. పెట్టినావిడే నెలన్నరగా ఒక్క ముక్క రాయలేదు. మీ ఆస్పత్రిలో కాగితాలకి కరువొచ్చిందా, లేక మీ ఇంచార్జి సిస్టరు నీ పెన్ను కూడా లాక్కుందా? మీ అత్త రోజూ పోస్టు డబ్బా చూసి, తర్వాత నా మొహం చూసి, "అచ్చం మీ పోలికే" అనేసి వంటింట్లోకి పోతోంది.

సరే, అసలు సంగతి విను. మన క్లబ్బు పేపర్లో పడుతోంది!

పన్నెండేళ్ళుగా లైబ్రరీ సెల్లార్లో మేం ఏం చేస్తున్నామో ఈ ఊళ్ళో చాలామందికి తెలియదు. తెలిసిన నలుగురూ నేను ఎదురైతే రోడ్డు దాటి అటువైపు నడుస్తారు. గడియారాలు బాగుచేసుకునేవాడికి తుపాకీతో పనేమిటని వాళ్ళ బాధ. అది గాలితో పేలే పిస్టలనీ, గుళిక కందిగింజంత కూడా ఉండదనీ, కాల్చేది కాగితం మీది నల్ల చుక్కనేననీ చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది. ఇప్పుడు పేపరువాళ్ళే చెబుతారు.

నీకు చెప్పలేదు కదూ, కిందటి వేసవి నుంచి పిల్లల్ని కూడా చేర్చుకుంటున్నాం. పక్కనే బడి ఉందాయె. వాళ్ళలో ఒకతె, మూలమీది బేకరీవాళ్ళ అమ్మాయి, పద్నాలుగేళ్ళది. చూడ్డానికి పిచ్చుకంత ఉంటుంది కాబట్టి అందరం పిచ్చుక అనే పిలుస్తాం. బడికి వెళ్ళేముందు గంటసేపు పిండి పిసుకుతుంది, అందుకే ఆ చేతికి అంత నిబ్బరం. పది మీటర్ల దూరాన చొక్కా గుండీ అంత చోటు. అరవై గుళికల్లో ముప్ఫై అయిదు అందులోనే దింపుతోంది. ఏప్రిల్ 20న సెలెక్షను పోటీలు. ఇంత చెయ్యి నేను ఈ పన్నెండేళ్ళలో చూడలేదమ్మాయ్, ఒట్టు.

ఫోటోగ్రాఫరు నా వయసువాడే. పక్కనుంచి తీస్తే చాలదట, పిల్ల కళ్ళు కావాలట. కాల్చేవాళ్ళకి ఎదురుగా ప్రాణమున్నది ఏదీ నిలబడకూడదు, అది మా గదిలో మొదటి నియమం అన్నాను. "కెమెరాకి ప్రాణం లేదుగా?" అన్నాడు. ఆలోచిస్తే నిజమే. పిస్టల్ ఖాళీగా ఉందని మూడుసార్లు చూశాను. కెమెరాని స్టాండు మీద గురి పక్కన పెట్టించి, అతన్ని మా వెనక్కి తీసుకొచ్చి, అటువైపు తలుపుకి గడియ పెట్టి, "అటువైపు ఎవరూ లేరు" అని గట్టిగా చెప్పాను. అప్పుడే పిచ్చుక చెయ్యెత్తింది. మా వెనకనుంచే రిమోటు మీట నొక్కి ఫోటో తీశాడు. ఒక్క నియమం తప్పలేదు. ఎల్లుండి ఆదివారం పేపర్లో వస్తుంది. నీకో కాపీ పంపుతాను, మీ నర్సులందరికీ చూపించు.

వేళకి తిను. జీవితమంతా టీ మీద నెట్టుకురాకు.

మీ మామయ్య

ఫిబ్రవరి 9

మామయ్యకి,

తిట్టకు, రాస్తున్నాను. ఈ హాస్టలుకి పోస్టు వారానికి రెండుసార్లే వస్తుంది, నీ ఉత్తరం ఉంటే అది ఇంకా దారిలోనే ఉండి ఉంటుంది. నెలన్నరగా అత్యవసర వార్డులో మాకు ఊపిరాడటం లేదు. ముగ్గురం చేసే పని ఇద్దరం చేస్తున్నాం. కాళ్ళు వాచి చెప్పుల్లో పట్టడం లేదు. అత్తయ్యతో ఇది చెప్పకు, బయల్దేరి వచ్చేస్తుంది.

ఒక సంగతి నీతో చెప్పాలి. చెబితే ముక్కు మీద కోపం తెచ్చుకుంటావని తెలుసు, అయినా చెబుతాను. సోమవారం మా నర్సుల గదిలో ఒకావిడ పేపర్లో ఫోటో ఒకటి కత్తిరించి తెచ్చింది. చిన్నపిల్ల మామయ్యా, పద్నాలుగూ పదిహేనూ ఉంటాయేమో. పిస్టల్ సూటిగా మన మొహంలోకి పెట్టి చూస్తోంది. ఆ గొట్టం చివర గుండ్రటి నల్లటి కన్నం, దాని పైన ఆ పిల్ల కన్ను. టీ తాగబోయినదాన్ని కప్పు కింద పెట్టేశాను.

దాంతోపాటు ఒక అర్జీ కూడా తెచ్చారు. బడుల పక్కన తుపాకీ శిక్షణ ఆపాలని, అన్ని ఊళ్ళ కౌన్సిళ్ళకీ పంపుతారట. మా వార్డంతా సంతకాలు పెట్టాం. నేనూ పెట్టాను. నువ్వు ఉలిక్కిపడకు, మీ క్లబ్బులో అందరూ నెరిసిన జుట్టువాళ్ళే కదా, మీ జోలికి ఎవరొస్తారు? పిల్లల చేతికి ఇవ్వడం వేరు. ఆ మాట నువ్వూ ఒప్పుకుంటావని నాకు నమ్మకం.

అత్తయ్య మోకాలు ఎలా ఉంది? నేను చెప్పిన వ్యాయామం చేస్తోందా, లేక చేశానని అబద్ధమాడుతోందా?

నీ కోడలు పిల్ల

ఫిబ్రవరి 14

అమ్మాయీ,

ఆ ఫోటో నేను తీయించింది.

నా మొదటి ఉత్తరం ఈపాటికి చేరి ఉంటుంది, మళ్ళీ రాయను. ఆదివారం పేపరు రాగానే నేనూ మీ అత్తా బల్ల మీద పరుచుకుని కూర్చున్నాం. మీ అత్త ఫోటో చూసి ఒక్క మాటన్నది: "ఏమండీ, ఇది నన్నే చూస్తోందేంటండీ?" నేను నవ్వాను. కింద "బడి పక్కనే తుపాకీ" అని పెద్ద అక్షరాలు. లోపల రాసిన నాలుగు మంచి ముక్కలూ ఎవడూ చదవలేదు.

సోమవారం నుంచి జరిగింది చెబుతాను విను. రిపేరుకిచ్చిన గడియారాలు సగం పనిలో ఉండగానే ఎనిమిదిమంది వెనక్కి తీసుకుపోయారు. బడిలో పిచ్చుక సంచీ రోజూ గేటు దగ్గర దులిపి చూస్తున్నారు. దాని పక్క బెంచీలో కూర్చోవద్దని ఇద్దరు తల్లులు తమ పిల్లలకి చెప్పారట. ఆ పిల్ల ఏడవదు, పళ్ళు బిగించి సాయంత్రం నా దగ్గరికొచ్చి అరవై గుళికలూ కాల్చి వెళుతుంది.

మార్చి 6న కౌన్సిలులో విచారణ. మన గది ఉంచాలా, మూసెయ్యాలా అని. మూస్తే ఈ చుట్టుపక్కల పిచ్చుకకి వేరే గది లేదు, పోటీలు దానికి లేనట్టే. నా పన్నెండేళ్ళూ పోయినట్టే. అర్జీ కాపీ లైబ్రరీ తలుపుకి అంటించారు, వెనక పేజీలో మూసెయ్యాల్సిన గదుల జాబితాతో సహా. మనది మూడోది. ఆ పేజీ తిప్పి చూడలేదు కదూ నువ్వు?

మూడువందల పన్నెండు సంతకాలు. నూట పద్నాలుగోది మీ అత్త కంటపడింది. దాని మీద వేలు పెట్టి నిలబడింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ సంతకం నాకు తెలియదా? మా అక్క పోయి నువ్వు మా ఇంటికొచ్చిన ఏడాది, నా పక్కన కూర్చుని పలక మీద దిద్దుకున్నావు ఆ సంతకం.

తెలియక పెట్టావు. సరే. ఇప్పుడు తెలిసింది. విచారణకి ముందే వెనక్కి తీసుకుంటున్నానని రెండు వాక్యాలు కౌన్సిలుకి రాసి పంపు. ఇంతకంటే నేను అడిగేదేమీ లేదు.

ఇట్లు,
క్లబ్బు కార్యదర్శి

ఫిబ్రవరి 19

మామయ్యా,

కార్యదర్శిగారికి కాదు, మామయ్యకే రాస్తున్నాను.

నీ రెండు ఉత్తరాలూ ఒకేరోజు వచ్చాయి. మెట్ల మీదే నిలబడి చదివాను. వెనక పేజీ తిప్పకపోవడం నా తప్పు. రోగికి మందు ఇచ్చేముందు సీసా అటూ ఇటూ తిప్పి చదివేదాన్ని, సంతకం మాత్రం కళ్ళు మూసుకుని పెట్టేశాను. అత్తయ్య అక్కడ వేలు పెట్టి నిలబడిందన్న చోట నాకు ఏడుపొచ్చింది. గడియారాలు తీసుకుపోయినవాళ్ళ మీద ఒళ్ళు మండింది.

కానీ సంతకం వెనక్కి తీసుకోను.

ఎందుకో చెబుతాను, చివరిదాకా చదువు, మధ్యలో చించకు. జనవరిలో మా వార్డుకి ఒక కుర్రవాణ్ణి తెచ్చారు. పంతొమ్మిదేళ్ళు, బస్సులు కడుగుతాడు. స్నేహితుడెవరో ఎక్కణ్ణుంచో పిస్టల్ సంపాదించాడు. మీ గాలి పిస్టల్ కాదు, అసలుది. ఇద్దరూ ఫోటోలు దిగుతున్నారు. ఫోటో బాగా రావాలని ఆ స్నేహితుడు దాన్ని సూటిగా ఇతని వైపు పెట్టాడు. ఖాళీదే అనుకున్నాడు. కుడి భుజంలోంచి పోయింది గుండు. ఇరవైమూడు రోజులు నా వార్డులో ఉన్నాడు. బతికాడు. ఆ చెయ్యి మాత్రం ఇక లేవదు. అన్నం నేనే తినిపించేదాన్ని, గోళ్ళు నేనే తీసేదాన్ని. "అక్కా, వాడు నవ్వుతున్నాడు, నేనూ నవ్వుతున్నాను" అని రోజూ అదే చెప్పేవాడు. అతను వెళ్ళిపోయిన నాలుగో రోజున నీ ఫోటో నా ముందుకొచ్చింది.

నువ్వు పిస్టల్ మూడుసార్లు చూశావు, తలుపుకి గడియ పెట్టావు. నువ్వు చూశానంటే చూసే ఉంటావు, ఆ విషయంలో నిన్ను ఎవరూ వేలెత్తి చూపలేరు. కానీ మామయ్యా, నీ గదిలో అటువైపు ఎవరూ లేరు. పేపర్లో అటువైపు మేమందరం ఉన్నాం. ఆ కుర్రవాడూ ఉన్నాడు. ఆ ఫోటో చూసి నీ నియమాలు ఎవరూ నేర్చుకోరు. తుపాకీ ఎలా పట్టుకుంటే బాగుంటుందో నేర్చుకుంటారు.

పిచ్చుక తప్పేమీ లేదు. దాని సంచీ దులుపుతున్నవాళ్ళకి సిగ్గుండాలి. అయినా నా సంతకం అబద్ధం కాదు. అబద్ధమైతే ఈ పాటికి తీసేసేదాన్ని.

నూట పద్నాలుగు

ఫిబ్రవరి 24

కోడలు పిల్లకి,

మూడు జవాబులు రాసి మూడూ చించాను. మొదటిది చదివితే నువ్వు జన్మలో నా గడప తొక్కవు. రెండోది మీ అత్త చదివి, "ఇది పంపితే నేను మా చెల్లెలింటికి పోతాను" అంది. మూడోది నాకే నచ్చలేదు.

నిన్న సాయంత్రం పెద్దవాళ్ళు నలుగురూ, పిచ్చుకా కాలుస్తున్నారు. చేరి మూడు వారాలైన ఒక పిల్ల వెనక బెంచీ మీద కూర్చుని చూస్తోంది. ఉన్నట్టుండి "ఆపండి!" అని అరిచింది. మా గదిలో ఆ మాట ఎవరైనా అనొచ్చు, ఆరోజే చేరినవాళ్ళైనా సరే. అన్న క్షణాన అందరూ పిస్టళ్ళు కింద పెట్టి, ఖాళీ చేసి, రెండడుగులు వెనక్కి వెయ్యాలి. ఎందుకని అడగడం ఆ తర్వాతే. అందరూ పెట్టారు. ఎందుకమ్మా అంటే, గురి వెనక ఏదో కదిలినట్టుందంది. వెళ్ళి చూశాం. ఏమీ లేదు, దీపం నీడ. మాలో ఒక పెద్దమనిషి విసుక్కోబోయాడు. నేను అతని మీద గయ్యిమన్నాను. ఆపమన్నవాళ్ళ మీద మొహం చిట్లించకూడదు, చిట్లిస్తే రేపు నిజంగా ఎవరో ఉన్నప్పుడు ఆ పిల్ల నోరు తెరవదు, ఇది తెలియకపోతే ఇంటికి పొండి అన్నాను.

ఆ నియమం నేనే రాశాను. గోడ మీద ఉన్న చేతిరాత నాది. ఇంటికొచ్చి నీ ఉత్తరం మళ్ళీ తీశాను.

నాకు ఇంకా కోపంగానే ఉంది. లేదని అబద్ధమాడను. గది మూయాలన్నదానికి నేను ఒప్పుకోను, చివరిదాకా కొట్లాడతాను. కానీ ఫోటో సంగతిలో నువ్వన్నది తీసిపారెయ్యడానికి నాకు ఒక్క మాట దొరకలేదు. మూడు రోజులుగా వెతుకుతున్నాను.

విచారణలో నీ ఉత్తరం చదవనా? ఆ కుర్రవాడి సంగతి ఉంది కాబట్టి అడుగుతున్నాను.

మామయ్య

ఫిబ్రవరి 27

మామయ్యా,

డ్యూటీకి టైమైపోయింది, నాలుగు ముక్కలే. నీ ఉత్తరం చూసి మొదట నాకు వేరేగా అర్థమైంది. నా మాటలు సభలో చదివి, చూశారా నా మేనకోడలే నన్ను ఎలా పొడిచిందో అని అందరి ముందూ నన్ను దోషిని చేస్తావనుకున్నాను. రాత్రంతా ఉడికిపోయాను. తర్వాత గుర్తొచ్చింది, చాటుగా దెబ్బ తీయడం నీకు చేతకాదు, ఎదురుగానే అరుస్తావు.

ఆ కుర్రవాడికి ఫోన్ చేసి అడిగాను. పేరు చెప్పకపోతే చదవమన్నాడు. చదువు. నీకు ఇబ్బందిగా ఉన్న వాక్యం కూడా వదలకుండా చదువు.

కోడలు పిల్ల

మార్చి 7

కోడలు పిల్లకి,

నిన్న విచారణ అయింది. వరసగా చెబుతాను.

కౌన్సిలు అధ్యక్షురాలు మా పళ్ళ డాక్టరమ్మే. ఎవరిని మాట్లాడమన్నా నోరు తెరవమన్నట్టే అంటుంది. హాలు కిటకిటలాడిపోయింది. అర్జీవాళ్ళ తరఫున ముగ్గురు మాట్లాడారు. నా వంతు వచ్చింది. లేచి నీ ఉత్తరం తీశాను. కుర్రవాడి సంగతి దాకా బాగానే చదివాను. "వాడు నవ్వుతున్నాడు, నేనూ నవ్వుతున్నాను" దగ్గర ఆగిపోయాను. మీ అత్త మోకాలు పట్టుకుని లేచొచ్చి, నా చేతిలోంచి కాగితం లాక్కుని, మిగతాది గడగడా చదివేసింది. చదువుతున్నంతసేపూ ఏడుస్తూనే ఉంది, ఒక్క అక్షరం మింగలేదు. నూట పద్నాలుగు అని కింద సంతకం కూడా చదివింది.

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి, "ఇది మీ వైపు ఉత్తరమాండీ, అటువైపు ఉత్తరమా?" అంది. నా మేనకోడలి ఉత్తరం అన్నాను.

తర్వాత నేను చెప్పింది ఇంతే. ఫోటో తప్పు. ఆ తప్పు నాది, పిల్లది కాదు, దాని సంచీ దులపడం రేపటి నుంచి మానండి. కానీ ఆ కుర్రవాడి స్నేహితుడికి ఖాళీదో కాదో చూడటం ఎవరూ నేర్పలేదు. మేం మొదటి నెలంతా నేర్పేది అదొక్కటే. పిస్టల్ ఎప్పుడు ముట్టుకోకూడదో నేర్చుకునేదాకా గుళిక చేతికివ్వం. మీరు మూసేస్తే మూతపడేది ఆ గది. వాళ్ళకి ఆ పిస్టల్ ఇచ్చినవాడి తలుపు మాత్రం తెరిచే ఉంటుంది.

పిచ్చుకని అడిగారు, ఫోటో తీసినప్పుడు ఏమనుకున్నావని. "కెమెరా పక్కనున్న గురినే చూశానండి, ఇంకేం కనపడలేదు. కానీ ఇప్పుడు ఫోటో చూస్తే నాకే భయమేస్తోంది" అంది.

ఇక తీర్పు. ఆరు నెలలు గది ఉంచవచ్చు, ఒక షరతు మీద. అర్జీ మీద సంతకం పెట్టినవాళ్ళలో ఒకరు నెలనెలా వచ్చి, కళ్ళారా చూసి, చూసింది చూసినట్టు కౌన్సిలుకి రాయాలి. తప్పుందని వాళ్ళు రాస్తే ఆరోజే మూత. అందుకు ఎవరో ఒకరు పేరిచ్చి, మొదటిసారి వచ్చి చూసేదాకా గదికి తాళం. పేరివ్వడానికి పదిహేను రోజుల గడువు, ఎవరూ ఇవ్వకపోతే శాశ్వతంగా మూసేస్తారు. తాళం నిన్న సాయంత్రమే వేశారు.

అక్కడికక్కడే అడిగారు. హాల్లో సంతకాలవాళ్ళు డెబ్భైమంది ఉంటారు. ఒక్క చెయ్యి లేవలేదు. ఒకాయన, "మేం వద్దన్నాం గానీ, అందులోకి వెళతామనలేదు కదా" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

నిన్ను అడగను. ముందే చెబుతున్నాను. నువ్వు ఆరు గంటల ప్రయాణం దూరంలో ఉన్నావు, కాళ్ళు వాచి ఉన్నావు (మీ అత్తకి చెప్పేశాను, తిట్టుకో). పైగా, నేను అడిగితే వచ్చినదానివి నా మనిషివవుతావు గానీ చూడ్డానికొచ్చినదానివి కావు. గది పోతే పోతుంది. పిచ్చుక ఇవాళ బేకరీలో పిండి బస్తాల పక్కన నిలబడి, ఉత్త చెయ్యి చాచి, గోడ మీద చుక్క పెట్టుకుని సాధన చేసింది. గంటన్నర. చెయ్యి వణకలేదు. నేను పక్కనే కూర్చుని ఊపిరి లెక్కపెట్టాను. రేపూ వెళతాను, ఎల్లుండీ వెళతాను.

మామయ్య

మార్చి 15

మామయ్యా, అత్తయ్యా,

ఇద్దరికీ కలిపే రాస్తున్నాను, ఎలాగూ ఒకరి భుజం మీంచి ఒకరు చదువుతారు.

పదో తేదీన కౌన్సిలుకి నా పేరు పంపాను. పన్నెండున డాక్టరమ్మ ఫోన్ చేసింది. క్లబ్బు కార్యదర్శికి మీరేమవుతారు అంది. మేనకోడలినన్నాను. అర్జీలో మీ సంతకం ఉందా అంది. నూట పద్నాలుగు, ఇప్పటికీ ఉంది అన్నాను. "ఆ ఉత్తరం మీదేనా?" అంది. నాదే అన్నాను. అయితే సరే అంది.

నువ్వు అడగలేదు. అడగనని రాసినందుకే పంపాననుకోకు. నాకంటూ ఒక కారణముంది. ఆ కుర్రవాడికి కౌన్సిలు తీర్పు సంగతి చెప్పాను. "వెళ్ళి చూడక్కా" అన్నాడు. "అక్కడ నిజంగా నేర్పుతారేమో చూసి నాకు చెప్పు" అన్నాడు. వద్దని సంతకం పెట్టడానికి నాకు అర నిమిషం పట్టింది. నెలనెలా పన్నెండు గంటలు రైల్లో కూర్చుని చూడ్డం దానికి బాకీ అనుకుంటున్నాను. మా ఇంచార్జితో దెబ్బలాడి మొదటి శనివారాలు సెలవు మార్పించుకున్నాను. ఏప్రిల్ ఒకటి కూడా శనివారమే, కాబట్టి పోటీలకి ముందు పిచ్చుకకి పంతొమ్మిది రోజులు దొరుకుతాయి. ఆ అమ్మాయితో నేను వస్తున్నానని చెప్పు, కానీ దానికోసం వస్తున్నానని చెప్పకు.

ఇప్పుడు నా షరతులు. నేను వచ్చినప్పుడు నాతో మాట్లాడొద్దు, పని చేసుకో. నాకు టీలు పంపొద్దు. అత్తయ్యా, నువ్వు కూడా. ఎక్కడ నిలబడాలో నేనే చూసుకుంటాను. తప్పు కనిపిస్తే రాస్తాను. చిన్నదైనా రాస్తాను. మామయ్యవని వదలను. వదిలితే ఆ కుర్రవాడి మొహం చూడలేను, నీ మొహమూ చూడలేను. రాసింది నీకు నచ్చకపోతే సాయంత్రం ఇంటికొచ్చాక అరుచుకుందాం, ఆ రాత్రి మీ ఇంట్లోనే ఉంటాను కాబట్టి కావలసినంత టైముంటుంది.

స్టేషనుకి రాకు. పదింటికి సెల్లారు మెట్ల దగ్గర ఉండు. అందరికంటే ముందు నేనే లోపలికి వెళ్ళి, అటువైపు ఎవరూ లేరని నా కళ్ళతో చూసుకుంటాను. ఆ తర్వాతే మీరు రావాలి.

కౌన్సిలు పంపిన తాళంచెవి ఇవాళ పోస్టులో వచ్చింది. నా దగ్గరే ఉంది.

మీ కోడలు పిల్ల